పవర్‌పాయింట్‌లో కోపైలట్ తయారుచేసిన స్లైడ్లను స్క్రీన్ రీడర్‌తో స్వయంగా సరిచూసుకోవడం ఎలా?

ప్రశ్న: గోదావరి అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరం దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. నాకు చూపు లేదు. విండోస్ ల్యాప్‌టాప్ మీద ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో (తెర మీది విషయాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పనిచేస్తాను. వర్డ్, ఎక్సెల్ బాగా అలవాటే కానీ, పవర్‌పాయింట్ దగ్గరికి వచ్చేసరికి ఇన్నాళ్లూ విషయం నేను చెబుతుంటే సహోద్యోగులు స్లైడ్లు పేర్చిపెట్టేవారు. వారు ఎంతో ఓపికగా చేసిపెట్టేవారు. అయినా ఒక అంకె మార్చాలన్నా, ఒక వాక్యం తీసివేయాలన్నా మరొకరి తీరిక కోసం ఎదురుచూడవలసి రావడం నాకు ఇష్టం లేదు. ఈ విద్యా సంవత్సరం నుంచి మా ఖాతాలకు మైక్రోసాఫ్ట్ వారి ఏఐ సహాయకుడు కోపైలట్ కూడా వచ్చింది కాబట్టి, ఇకమీదట నా పాఠాల స్లైడ్లు నేనే తయారుచేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

ప్రస్తుతం పంచవర్ష ప్రణాళికల పాఠం చేస్తున్నాను. కోపైలట్ పేన్‌లో (పక్కన తెరుచుకునే చాట్ భాగంలో) నాకు కావలసినది టైప్ చేసి ఎంటర్ నొక్కిన తరువాత, జవాబు వస్తూ ఉన్నదా, వచ్చి ముగిసిందా అన్నది ఎలా తెలుసుకోవాలో అర్థం కావడం లేదు. జవాబు వచ్చిందనుకుని వెతికితే కర్సర్ ఎక్కడ ఉన్నదో తెలియదు. అంతకంటే పెద్ద సందేహం స్లైడ్ల గురించి. ఏదైనా చిత్రం శీర్షిక మీదికి వచ్చిందా, అక్షరాలు స్లైడ్ అంచు దాటి పోయాయా అన్నవి విద్యార్థుల ముందు తెర మీద పెట్టకముందే నాకు తెలియాలి. “స్లైడ్లో ఏదైనా ఒకదాని మీద ఒకటి పడిందా?” అని కోపైలట్‌నే అడగవచ్చు గానీ, తాను చేసిన పనికి తానే ఇచ్చే సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంకొక విషయం. మా శాఖలో పాత నోట్సు చాలావరకు పాతకాలపు తెలుగు ఫాంట్లైన అను ఫాంట్లలో ఉంది. దానిని కోపైలట్‌కు ఇచ్చి స్లైడ్లు చేయించడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: శ్రవణ శిక్షకుడు, హైదరాబాద్

మేడమ్ గారికి నమస్కారం. చూపులేని విద్యార్థులకు, ఉద్యోగులకు కంప్యూటర్ నేర్పడం నా వృత్తి. నేను కూడా ఎన్‌వీడీఏ మీదే ఆధారపడేవాడిని. మీ ప్రశ్నలలో రెండవదే అసలైనది. అయినా మొదటిదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే పేన్‌లో తిరగడం చేతికి రాకపోతే తక్కినవన్నీ ఆగిపోతాయి.

కోపైలట్ బటన్ చాలా వెర్షన్లలో హోమ్ ట్యాబ్‌లో ఉంటుంది. రిబ్బన్‌లో వెతకడం విసుగనిపిస్తే ఆల్ట్+క్యూ నొక్కి, సెర్చ్ పెట్టెలో కోపైలట్ అని ఇంగ్లీషులో టైప్ చేసినా దొరుకుతుంది. పేన్ తెరుచుకున్న తరువాత ఎఫ్6 నొక్కుతూ పోతే స్లైడ్, నోట్స్, పేన్, స్టేటస్ బార్, రిబ్బన్ వంతులవారీగా వస్తాయి. షిఫ్ట్+ఎఫ్6 వెనక్కు తీసుకువెళుతుంది. ఆల్ట్+ట్యాబ్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పేన్ వేరే విండో కాదు. పేన్ లోపలి భాగం వెబ్ పేజీ లాంటిదే. టైప్ చేసే పెట్టెలో ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ ఫోకస్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి బాణం కీలు పెట్టె లోపలే తిరుగుతాయి. ఎన్‌వీడీఏ+స్పేస్ నొక్కి బ్రౌజ్ మోడ్‌లోకి మారితే, పై బాణంతో జవాబు మీదికి వెళ్లి వరుస వరుసగా చదువుకోవచ్చు. జవాబు పొడవుగా ఉంటే దాని కింద ఉండే కాపీ బటన్ నొక్కి నోట్‌ప్యాడ్‌లో అతికించి చదవడమే నాకు ఎక్కువ సుఖంగా ఉంటుంది. అక్కడ ఒక్కొక్క అక్షరం చొప్పున సరిచూసుకోవచ్చు.

జవాబు ముగిసిందో లేదో తెలియడానికి నేను విద్యార్థులకు నేర్పే ఉపాయం ఒకటి ఉంది. ప్రతి అభ్యర్థన చివర “జవాబు పూర్తయిన తరువాత చివరి వరుసలో ‘జవాబు సమాప్తం’ అని విడిగా రాయాలి” అని చేర్చండి. బ్రౌజ్ మోడ్‌లో కింది నుంచి పైకి వస్తే ఆ వరుస వినపడుతుంది. వినపడకపోతే ఇంకా రాస్తూ ఉన్నదనుకుని కొద్దిసేపు ఆగాలి.

ఇక స్లైడ్ల సంగతి. పాఠం మొత్తాన్ని ఒక్క వాక్యంలో అడిగి కోపైలట్ చేత రాయించకండి. మీరు విషయం తెలిసినవారు, వర్డ్ బాగా వచ్చినవారు. ముందుగా వర్డ్‌లో పాఠం రాయండి. స్లైడ్ శీర్షిక కావలసిన ప్రతి వరుసకు కంట్రోల్+ఆల్ట్+1 నొక్కి హెడింగ్ 1, దాని కింది అంశాలకు కంట్రోల్+ఆల్ట్+2 నొక్కి హెడింగ్ 2 ఇవ్వండి. కోపైలట్‌కు వర్డ్ ఫైలు ఇచ్చి స్లైడ్లు చేయమన్నప్పుడు ఈ హెడింగులే దానికి దారి చూపిస్తాయి. ఇంకొక మార్గం కూడా ఉంది, దానికి ఏఐ అవసరమే లేదు. పవర్‌పాయింట్ హోమ్ ట్యాబ్‌లో న్యూ స్లైడ్ మెనూ కింద స్లైడ్స్ ఫ్రం అవుట్‌లైన్ అనే ఆదేశం చాలా కాలంగా ఉన్నది. దానితో వర్డ్ ఫైలును తెచ్చుకుంటే హెడింగ్ 1 శీర్షికగా, హెడింగ్ 2 అంశంగా, మీరు రాసిన మాటలు మీరు రాసినట్టే స్లైడ్లలోకి వస్తాయి. సంవత్సరాలు, శాతాలు ఎక్కువగా ఉండే మీ పాఠానికి నేను దీనినే సిఫారసు చేస్తాను. మొదటి ప్రణాళిక 1951 నుంచి 1956 వరకు అని అందరూ సరిగానే చెబుతారు. మూడవ ప్రణాళిక 1966లో ముగిసిన తరువాత 1969 వరకు వార్షిక ప్రణాళికలు నడిచాయన్న సంగతి సంక్షిప్తం చేసేటప్పుడు జారిపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న విషయం. మీ మాటలు స్లైడ్లలో కూర్చున్న తరువాత, “ఈ స్లైడ్‌కు స్పీకర్ నోట్స్ రాయి”, “ఈ ఐదు అంశాలను మూడుకు కుదించు” వంటి పనులకు కోపైలట్‌ను పిలవండి. ఒకసారి ఒక్క స్లైడ్ మాత్రమే మార్చమనండి; అప్పుడే ఏది మారిందో వినగలుగుతారు, నచ్చకపోతే కంట్రోల్+జెడ్‌తో వెనక్కు తెచ్చుకోగలుగుతారు.

అమరిక గురించి. స్లైడ్ మీద ఉన్నప్పుడు ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక్కొక్క వస్తువు పేరు వినిపిస్తుంది. ఎంటర్ లేదా ఎఫ్2 నొక్కితే అందులోని అక్షరాలలోకి వెళతాము, ఎస్కేప్‌తో బయటికి వస్తాము. ఇంతవరకు మీకు తెలిసే ఉంటుంది. చాలామంది గమనించనిది ఏమిటంటే, ఒక వస్తువు మీద ఉండి బాణం కీలతో దానిని జరిపినప్పుడు, అది స్లైడ్ అంచుకు ఎన్ని పాయింట్ల దూరంలో ఉన్నదో, వేరే దేనినైనా కప్పుతున్నదో ఎన్‌వీడీఏ చెబుతుంది. ఒక చిత్రం శీర్షిక మీదికి ఎక్కి ఉంటే “కవర్స్ బాటమ్ ఆఫ్ టైటిల్ 1 బై 36 పాయింట్స్” అన్న ధోరణిలో వినపడుతుంది. 72 పాయింట్లు ఒక అంగుళం కాబట్టి, ఆ చిత్రం శీర్షిక కింది భాగాన్ని అర అంగుళం మేర కప్పేసిందని అర్థం. వస్తువు స్లైడ్ బయటికి పోతే “ఆఫ్ రైట్ స్లైడ్ ఎడ్జ్” అని, ఎన్ని పాయింట్లు దాటిందో కూడా చెబుతుంది. ఇప్పటి వెడల్పాటి స్లైడ్ 960 పాయింట్ల వెడల్పు, 540 పాయింట్ల ఎత్తు ఉంటుందని మనసులో పెట్టుకుంటే, ఏ వస్తువు ఎక్కడ కూర్చున్నదో బొమ్మ కట్టుకోవడం కష్టం కాదు. జరిపి విన్న తరువాత ఎదురు బాణంతో మళ్లీ యథాస్థానానికి తెచ్చుకోవచ్చు.

సందేహంగా ఉన్న చోట ఆల్ట్+ఎఫ్10 నొక్కితే సెలెక్షన్ పేన్ తెరుచుకుని, ఆ స్లైడ్‌లో ఉన్న వస్తువులన్నీ జాబితాగా వస్తాయి. మీకు తెలియకుండా వచ్చి చేరిన గీతలు, అలంకార చిత్రాలు ఇక్కడ బయటపడతాయి. ఈ జాబితాలో అన్నింటికంటే పైన ఉన్నది తెర మీద అన్నింటికంటే ముందుకు ఉంటుంది, స్క్రీన్ రీడర్ దానిని అన్నింటికంటే చివర చదువుతుంది. పాఠానికి అవసరం లేని చిత్రాన్ని తీసివేయండి. ఉంచదలచుకుంటే ఆల్ట్ టెక్స్ట్ (చిత్ర వర్ణన) పేన్‌లో దానిని అలంకారమని గుర్తించే గడిలో టిక్ పెట్టండి. రివ్యూ ట్యాబ్‌లోని చెక్ యాక్సెసిబిలిటీని చివర నడపండి. శీర్షిక లేని స్లైడ్లను, వర్ణన లేని చిత్రాలను అది పట్టుకుంటుంది. కానీ వర్ణన ఉన్నదా లేదా అన్నంతవరకే దాని పని. ఆ వర్ణన సరిగా ఉన్నదా అన్నది మీరే తేల్చుకోవాలి.

కోపైలట్ సాక్ష్యం గురించి అడిగారు. దానిని ఒక సూచనగా వినండి, తీర్పుగా తీసుకోకండి. ఎన్‌వీడీఏ చెప్పే పాయింట్లు ఫైలులో ఆ వస్తువుకు నిజంగా ఉన్న కొలతలు. కోపైలట్ చెప్పేది వాక్యంగా కూర్చిన జవాబు. ఈ రెండూ వేరుపడినప్పుడు కొలతనే నమ్మాలి.

జవాబు 2: పరీక్షకుడు, డాలస్

పై జవాబుతో దాదాపుగా ఏకీభవిస్తున్నాను. నేను సాఫ్ట్‌వేర్ యాక్సెసిబిలిటీ పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. నా కంప్యూటర్‌లో జాస్, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్లు రెండూ ఉంటాయి. జాస్ వాడేవారు బ్రౌజ్ మోడ్‌కు బదులు ఇన్‌సర్ట్+జెడ్‌తో వర్చువల్ కర్సర్‌ను, విండోస్‌లోనే ఉండే నరేటర్ వాడేవారు క్యాప్స్‌లాక్+స్పేస్‌తో స్కాన్ మోడ్‌ను ఉపయోగించుకోవాలి. తక్కిన పద్ధతి ఒక్కటే.

జవాబు ముగిసిందో లేదో తెలియకపోవడం మీ ఒక్కరి ఇబ్బంది కాదు, మీ నైపుణ్యంలో లోపం అంతకన్నా కాదు. మాటలు తుంపులు తుంపులుగా వచ్చి చేరే ఏ చాట్ పెట్టెలోనైనా ఈ చిక్కు ఉంటుంది. వచ్చిన ప్రతి తుంపునూ స్క్రీన్ రీడర్‌కు ప్రకటిస్తే వినేవారికి గందరగోళం. ఏమీ ప్రకటించకపోతే నిశ్శబ్దం. తెర మీద స్థితి మారినప్పుడు, ఫోకస్ కదపకుండానే ఆ సంగతి సహాయక సాధనాలకు తెలియజేయాలని వెబ్ విషయం దివ్యాంగులకు అందుబాటులో ఉండడం కోసం ఏర్పడిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలలో 4.1.3 నిబంధన చెబుతోంది. అంటే “జవాబు తయారవుతోంది”, “జవాబు సిద్ధం” అన్న రెండు మాటలు వినిపించడం సాఫ్ట్‌వేర్ బాధ్యత. భారతదేశంలోనూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతిక) ఉత్పత్తుల అందుబాటు కోసం ఐఎస్ 17802 ప్రమాణం ఉంది. కాబట్టి మీరు వాడే ఏ సాధనంలోనైనా ఆ మాటలు వినపడకపోతే ఊరుకోకండి. ఏ వెర్షన్, ఏ స్క్రీన్ రీడర్, ఏ కీ నొక్కితే ఏమి వినపడింది, ఏమి వినపడవలసి ఉంది అన్న నాలుగు వివరాలతో ఫీడ్‌బ్యాక్ పంపండి. ఆ నాలుగూ ఉన్న ఫిర్యాదును తీసుకున్నవారు సమస్యను తమ కంప్యూటర్‌లో మళ్లీ రప్పించి చూడగలుగుతారు. “పనిచేయడం లేదు” అన్న ఒక్క మాటతో వారు ఏమీ చేయలేరు.

ఒక్క చోట మాత్రం నాది వేరే అభిప్రాయం. వర్డ్‌లో మొదలుపెట్టే పద్ధతి పాఠాలకు సరైనదే గానీ, శాఖ సమావేశంలో చూపించే చిన్న ప్రదర్శనలకు అంత ఏర్పాటు అక్కరలేదు. వాటికి కోపైలట్ చేత నేరుగా చేయించి, వచ్చినదానిని వ్యూ ట్యాబ్‌లోని అవుట్‌లైన్ వ్యూలో పై నుంచి కింది వరకు వింటే సరిపోతుంది. అయితే ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరం. అవుట్‌లైన్‌లో ప్లేస్‌హోల్డర్లలో (శీర్షికకు, విషయానికి స్లైడ్ నమూనాలో ముందే కేటాయించిన గడులలో) ఉన్న అక్షరాలు మాత్రమే వస్తాయి. విడిగా పెట్టిన టెక్స్ట్ బాక్సులు అందులో వినపడవు. అవుట్‌లైన్‌లో శీర్షిక ఖాళీగా ఉండి, స్లైడ్ మీద ట్యాబ్‌తో వెళితే ఏదో ఒక టెక్స్ట్ బాక్సులో శీర్షిక వినపడితే, ఆ అక్షరాలను తీసి టైటిల్ ప్లేస్‌హోల్డర్‌లో పెట్టాలి.

చార్టుల వర్ణనను ఎవరికీ అప్పగించకండి, మీరే రాయండి. ఏఐ రాసే వర్ణన తరచుగా “ప్రణాళికల వృద్ధి రేట్లను చూపే నిలువు కడ్డీల చార్ట్” అన్నంతలో ఆగిపోతుంది. చూపు ఉన్నవారు ఆ చార్ట్ నుంచి తెలుసుకునేది అది కాదు. “మొదటి ప్రణాళికలో లక్ష్యం 2.1 శాతం కాగా సాధించినది 3.6 శాతం, మూడవ ప్రణాళికలో మాత్రం వృద్ధి లక్ష్యానికి చాలా దిగువన నిలిచింది” అని రాస్తే, మీ తరగతిలో చూపులేని విద్యార్థికి కూడా తక్కినవారికి అందిన విషయమే అందుతుంది. ఈ వాక్యం రాయగలిగేది అర్థశాస్త్రం తెలిసినవారే.

రంగుల విషయం కూడా మరిచిపోకండి. మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తి, పెద్ద అక్షరాలకు 3కు 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణం. ఒకే రంగు నేపథ్యం మీద ఉన్న అక్షరాలను యాక్సెసిబిలిటీ చెకర్ పరీక్షించగలదు. ఫోటో మీద రాసిన అక్షరాల విషయంలో దాని మీద ఆధారపడలేము. అందువల్ల నేపథ్యంగా ఫోటోలు వద్దని అభ్యర్థనలోనే స్పష్టంగా రాయడం మంచిది. తెల్లని నేపథ్యం, నల్లని అక్షరాలు ఉన్న సాదా థీమ్‌ను మీరే ముందు ఎంచుకుని మొదలుపెడితే ఈ చింతలో చాలా భాగం తీరిపోతుంది.

జవాబు 3: అక్షరాల కూర్పరి, విజయవాడ

నాకు చూపు ఉంది, స్క్రీన్ రీడర్ వాడను. కాబట్టి అను ఫాంట్ల సంగతి మాత్రమే చెబుతాను. ప్రెస్సులో డీటీపీ చేసేవాడిని కనుక ఇది నిత్యం చూసే వ్యవహారం.

అను ఫైలులో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలలో తెలుగు అక్షరాల ఆకారాలను కూర్చి పెట్టారు. ఆ ఫాంట్ ఉన్న తెర మీద చూసేవారికి అది చక్కని తెలుగు. స్క్రీన్ రీడర్‌కూ, కోపైలట్‌కూ అందేది మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస. కాబట్టి మీ పాత నోట్సును ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వకండి. ముందుగా యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి, మార్పించండి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ ఏ అను వెర్షన్‌లో టైప్ చేశారో తెలుసుకుని దానికి తగిన ఎంపిక చేసుకోకపోతే వత్తులు, గుణింతాలు చోటు తప్పుతాయి. మార్చిన తరువాత తెలుగు తెలిసినవారు ఒకసారి పూర్తిగా చదివి దిద్దవలసిందే. సంయుక్తాక్షరాలు, అంకెలు ఉన్న చోట్ల ప్రత్యేకంగా చూడాలి. ఈ దిద్దుబాటును ఏఐకి వదలకండి. అర్థం కాని మాట తగిలితే, దాని స్థానంలో అర్థమయ్యే వేరే మాట పెట్టి వాక్యాన్ని నున్నగా చేసేయవచ్చు. అప్పుడు తప్పు ఎక్కడున్నదో కనిపెట్టడం ఇంకా కష్టమవుతుంది.

స్లైడ్లలో నిర్మలా యూఐ వంటి విండోస్‌లోనే ఉండే యూనికోడ్ ఫాంట్ వాడితే, తరగతి గదిలోని కంప్యూటర్‌లోనూ అక్షరాలు అలాగే కనపడతాయి. తెలుగు వరుసకు వత్తుల వల్ల కిందా పైనా ఎక్కువ చోటు కావాలి కాబట్టి, ఇంగ్లీషు స్లైడ్‌లో పట్టినన్ని వరుసలు తెలుగు స్లైడ్‌లో పట్టవు. స్లైడ్‌కు ఐదు వరుసలు దాటనివ్వకండి.

తిరిగి: గోదావరి అధ్యాపకురాలు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. హెడింగులతో వర్డ్ ఫైలు తయారుచేసి, స్లైడ్స్ ఫ్రం అవుట్‌లైన్ ద్వారా తెచ్చుకున్నాను. 1950 మార్చిలో ప్రణాళికా సంఘం ఏర్పాటు నుంచి 2015 జనవరి 1న నీతి ఆయోగ్ రావడం వరకు నా వాక్యాలు నా వరుసలోనే వచ్చాయి. నోట్స్ మాత్రం కోపైలట్ చేత రాయించి దిద్దుకున్నాను. ఒక చిత్రాన్ని బాణం కీతో జరిపినప్పుడు అది ఏ వస్తువును ఎన్ని పాయింట్లు కప్పుతున్నదో చెవికి వినపడడం నాకు చాలా ధైర్యాన్ని ఇచ్చింది. పాత నోట్సును మార్పించే పని మా తెలుగు శాఖవారితో మాట్లాడి మొదలుపెడతాను.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. తరగతిలో స్లైడ్ షో నడుస్తుండగా, విద్యార్థులకు తెర మీద స్లైడ్ కనపడుతూ ఉండగానే నేను నా నోట్స్ వినగలనా? అలాగే, ఇంగ్లీషు గొంతుతో తెలుగు స్లైడ్లు వినడం కష్టంగా ఉంది; పవర్‌పాయింట్‌లోకి వచ్చినప్పుడల్లా గొంతు మార్చుకోవలసిందేనా?

జవాబు 4: శ్రవణ శిక్షకుడు, హైదరాబాద్

వినగలరు మేడమ్. స్లైడ్ షో నడుస్తున్నప్పుడు కంట్రోల్+షిఫ్ట్+ఎస్ నొక్కితే ఎన్‌వీడీఏ స్లైడ్‌లోని విషయం వదిలి ఆ స్లైడ్ నోట్స్ చదవడం మొదలుపెడుతుంది. మళ్లీ నొక్కితే స్లైడ్‌కు తిరిగి వస్తుంది. మారేది మీకు వినపడేది మాత్రమే, విద్యార్థులకు కనపడేది మారదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ శబ్దం తరగతి స్పీకర్లకు పోకుండా ముందే సౌండ్ సెట్టింగులలో చూసుకోండి. నోట్స్‌లో పొడవైన పేరాలు వద్దు. మాట్లాడుతూ వినాలి కాబట్టి ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క చిన్న మాట ఉంటే చాలు. కోపైలట్ చేత నోట్స్ రాయించేటప్పుడే “ప్రతి వరుసలో ఆరు మాటలకు మించకూడదు” అని చెప్పండి.

గొంతు సంగతికి ఎన్‌వీడీఏ+కంట్రోల్+పి నొక్కి కాన్ఫిగరేషన్ ప్రొఫైళ్ల డైలాగ్ తెరవండి. పవర్‌పాయింట్ నడుస్తున్నప్పుడు దీనిని తెరిచి, ప్రస్తుత అప్లికేషన్ కోసమని కొత్త ప్రొఫైల్ చేసుకుని, అందులో ఎన్‌వీడీఏతోనే వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతును, మీకు నచ్చిన వేగాన్ని పెట్టుకుంటే, పవర్‌పాయింట్‌లోకి వచ్చిన ప్రతిసారీ ఆ గొంతు తానే వస్తుంది, వర్డ్‌లోకి వెళ్లగానే పాతది తిరిగి వస్తుంది. ఈస్పీక్ ఉచ్చారణ మృదువుగా ఉండదు, కానీ వత్తు తప్పితే ఆ తప్పును తప్పుగానే వినిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చిన మీ పాత నోట్సును దిద్దేటప్పుడు అది మీకు బాగా ఉపయోగపడుతుంది.